భ్రమరకీటన్యాయమూ, సీతాకోకచిలుక చరిత్రా

మా పెరటిలో ఒక కరివేపమొక్క ఉంది. పదవీ విరమణ చేసిన తరువాత నాకు అలవడిన వ్యాపకాలలో ప్రతి ఉదయమూ దాని ఆకులను తిరగేసి చూడడం ఒకటి. నల్లని రెక్కల సీతాకోకచిలుక ఒకటి అప్పుడప్పుడు వచ్చి, లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టి పోతుంది. అవి ఆవగింజకన్న చిన్నవి, లేత పసుపురంగువి. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికి వస్తుంది. వచ్చీ రాగానే తన గుడ్డుపెంకునే తింటుంది. ఆ తరువాత ఆకు. మొదటి దశలలో అది అచ్చం పిట్టరెట్టలాగ కనిపిస్తుంది. ఏ పక్షీ దాని జోలికి పోదు. నాలుగుసార్లు కుబుసం విడిచి, చివరి దశలో ఆకుపచ్చగా మారి, వేలంత లావవుతుంది. ముట్టుకుంటే తల వెనుకనుండి ఎర్రని రెండు కొమ్ములవంటివి బయటికి చాచి, ఘాటైన వాసన వదులుతుంది. ఇంట్లో పోపుకు ఆకు కావాలంటే ముందు నన్ను అడగవలెనని మా ఆవిడకు ఒక నియమం పెట్టాను. ఆమె దానిని ఇష్టమైనప్పుడు పాటిస్తుంది.

కడుపునిండిన పురుగు ఒకనాడు తినడం మాని, కొమ్మకు పట్టుదారంతో తోకను అతికించుకొని, నడుముకొక మొలతాడు కట్టుకొని, కదలక మెదలక నిలిచిపోతుంది. మరునాటికి ఆఖరి కుబుసం జారిపోయి, ఆకుపచ్చని కాయవంటి గూటిదశ మిగులుతుంది. సుమారు పది రోజులకు ఆ కాయ నల్లబడి, గోడలోనుండి రెక్కల మచ్చలు కనిపిస్తాయి. తెల్లవారేసరికి సీతాకోకచిలుక. నలిగిన గుడ్డపేలికల వంటి రెక్కలను వేలాడవేసి, వాటిలోనికి ద్రవాన్ని పంపి, విప్పి, ఆరబెట్టుకొని ఎగిరిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు.

కిందటి వర్షాకాలంలో ఒక కాయ పది రోజులు గడిచినా విచ్చలేదు. గోధుమరంగుకు తిరిగింది. ఎండిపోయిందనుకున్నాను. ఒక ఉదయం దాని పక్కన గుండుసూది మొనంత రంధ్రం కనిపించింది. అందులోనుండి నలకలంత కందిరీగలు, లోహపు మెరుపు గలవి, ఒకదాని వెంట ఒకటి, పదులకొద్దీ బయటికి వచ్చాయి. సీతాకోకచిలుక రావలసిన గూటిలోనుండి కందిరీగలు! చేతిలోని కాఫీ చల్లారిపోయింది. ఆశ్చర్యంతో కాదు. ఇటువంటి దృశ్యాన్నే ఎన్నో ఏళ్ల కిందట నాకు ఒక ఆడపిల్ల చూపించబోయింది. నేను చూడనన్నాను. ఈ వ్యాసానికి కారణం అదే.

నేను ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. 1987లో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి పాఠం చెబుతూ భ్రమరకీటన్యాయాన్ని వివరించాను. చదువరులలో చాలామంది ఎరిగినదే. తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో బంధిస్తుంది. చుట్టూ తిరుగుతూ ఝంకారం చేస్తుంది. లోపలి పురుగు భయంతో ఆ తుమ్మెదనే ఎడతెగక ధ్యానించి, చివరకు తానే తుమ్మెద అయి వెలికి వస్తుంది. దేనిని తదేకంగా తలచుకుంటే జీవుడు అదే అవుతాడని దీని తాత్పర్యం. సంస్కృత భాగవతం సప్తమ స్కంధంలోనూ ఈ పోలిక ఉంది. ఏకాదశ స్కంధంలో అవధూత యదురాజుకు తన ఇరవై నలుగురు గురువులను పేర్కొన్నప్పుడు చివరి గురువు ఈ గూడు కట్టే కీటకమే. అక్కడ దాని పేరు పేశస్కృత్తు. శంకరుల పేర వ్యాప్తిలో ఉన్న వివేకచూడామణిలోనూ ఇదే దృష్టాంతం కనిపిస్తుంది. మన గురుశిష్య సంప్రదాయంలో దీనికి ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. గురువు తుమ్మెద, శిష్యుడు పురుగు. గురువు శిష్యుణ్ణి తనంతటివాణ్ణి చేస్తాడు. ఉపాధ్యాయుడికి ఇంతకన్న ముచ్చటైన ఉపమానం దొరకదు. నేను దానిని ఎంతో ఇష్టంగా చెప్పేవాణ్ణి. ఉపమానంగా ఆపక, ప్రకృతిలో నిజంగా జరిగే సంగతిగా కూడా చెప్పాను.

మరునాడు ఆ తరగతిలోని ఒక అమ్మాయి నోటుపుస్తకం కాగితంలో చుట్టి ఏదో తెచ్చింది. వాళ్ల పశువులపాక దూలానికి అంటుకొని ఉన్న మట్టిగూడు. పెచ్చు ఊడదీసి నా బల్లమీద పెట్టి, "మాస్టారండీ, లోపలున్న పురుగులు తుమ్మెదలు అవడం లేదండీ. ఇంకో తెల్ల పురుగు వాటిని తినేస్తోందండీ" అన్నది. పిల్లలు నవ్వారు. నాకు ఆ నవ్వు నన్ను చూసి నవ్వినట్లు తోచింది. "పెద్దలు చెప్పినదాన్ని పరీక్షించేటంత దానివయ్యావా? అవతల పారేసి చేతులు కడుక్కుని రా" అన్నాను. ఆ గూటివైపు కళ్లయినా తిప్పలేదు. ఆ అమ్మాయి కాగితం మడిచి తీసుకొనిపోయింది. ఆ ఏడాదంతా తరగతిలో మరొక ప్రశ్న అడగలేదు.

మా పెరటి కందిరీగలను చూసిన తరువాత, పురుగు ఏమవుతుందన్న ప్రశ్నకు లోకం సమాధానం ఎలా వెదుక్కున్నదో తెలుసుకోవాలనిపించి పుస్తకాలు తిరగవేశాను. లిఖితమై మనకు అందిన చరిత్రలో అధికభాగం ఐరోపాలో నడిచింది. అక్కడి పండితులు కూడా నావలెనే పొరపడ్డారని తెలిసి కొంత ఊరట కలిగింది. వారిలో కొందరు నావలె కాక, గూడు విప్పి చూశారని తెలిసి సిగ్గు కలిగింది.

పట్టు పరిశ్రమ గల దేశాలలో పురుగు గూడు కట్టి చిలుకై వెలువడుతుందన్న సంగతి సామాన్యులకే తెలుసు. చీనావారికి వేల ఏళ్లుగా తెలుసు. మన దసలి పట్టు తీసేవారికీ తెలుసు. చిలుక గూటిని తొలుచుకొని వస్తే దారం తెగిపోతుంది గనుక, అంతకుముందే గూటిని వేడినీటిలో వేయవలె. ఇది బతుకుతెరువుకు సంబంధించిన జ్ఞానం. ఎలా, ఎందుకు మారుతుందన్న విచారణ వేరు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన జంతుచరిత్ర ఐదవ భాగంలో సీతాకోకచిలుక పుట్టుకను వర్ణించాడు. ఆకులమీద, ముఖ్యంగా కాబేజీ జాతి ఆకులమీద, చిరుధాన్యపు గింజకన్న చిన్నదొకటి కనిపిస్తుంది. అది పెరిగి పురుగవుతుంది, తరువాత కదలిక లేని గూటిదశకు వస్తుంది, ముట్టుకుంటే మాత్రం కదులుతుంది, పిమ్మట పెంకు పగిలి సీతాకోకచిలుక వస్తుంది అన్నాడు. చూసినంతవరకు చక్కగా చూశాడు. అయితే ఆ గింజ తల్లి పెట్టిన గుడ్డు అన్నది ఆయన ఎరుగడు. ఆకులోనుండే పుట్టిందనుకున్నాడు. రోమనుడైన ప్లినీ ఆకుపై రాలిన మంచు ఎండకు గట్టిపడి గింజ అయిందన్నాడు. గ్రీకు భాషలో సీతాకోకచిలుకకు, ఆత్మకు ఒకటే పేరు, సైకీ. గూటిదశకు వారు పెట్టిన పేరు బంగారం అనే మాటనుండి వచ్చింది. కొన్ని జాతుల గూళ్లపైన నిజంగానే బంగారు చుక్కలు మెరుస్తాయి. మన అమరకోశం పతంగ, శలభ శబ్దాలను పర్యాయపదాలుగా చెప్పి ముందుకు సాగిపోతుంది. దీపంమీద పడే పురుగు మన కవులకు కావలసినంత పని కల్పించింది గాని, ఆ పురుగు అంతకుముందు ఏమిటన్న ప్రశ్న కావ్యాలలో నాకు తారసపడలేదు.

అరిస్టాటిల్ తరువాత రెండు వేల ఏళ్లు ఈ విషయం ఇంచుమించు అక్కడే ఉండిపోయింది. గుడ్డు పెట్టనక్కరలేకుండా మురుగునుండి, బురదనుండి, మంచునుండి పురుగులు వాటంతట అవే పుడతాయన్నది పండితాభిప్రాయం. రక్తప్రసరణను నిరూపించిన ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1651లో ప్రకటించిన గ్రంథంలో ప్రాణులకు గుడ్డే మూలమని నొక్కి చెప్పాడు. ఆయన గ్రంథపు ముఖచిత్రం మీద కూడా ఆ మాటే ఉంది. అంతటివాడు కీటకాల దగ్గరకు వచ్చేసరికి వాటికొక మినహాయింపు ఇచ్చాడు. కోడిపిల్ల గుడ్డులో అంగం తరువాత అంగంగా ఏర్పడుతుంది. సీతాకోకచిలుక మాత్రం సిద్ధంగా ఉన్న పదార్థమంతా మైనంమీద ముద్ర వేసినట్లు ఒక్కసారిగా రూపుకట్టడంవలన వస్తుందని భావించాడు. గూటిదశ ఆయన దృష్టిలో రెండవ గుడ్డువంటిది. అనగా పురుగు ఒక ప్రాణి, చిలుక మరొక ప్రాణి.

1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రేడీ ఒక పరీక్ష చేశాడు. మాంసాన్ని కొన్ని పాత్రలలో తెరిచి ఉంచాడు, కొన్నింటిని మూసిపెట్టాడు. ఈగలు వాలగలిగిన మాంసంలోనే పురుగులు పుట్టాయి. కుళ్లునుండి పురుగులు పుట్టవని తేలింది. అయినా మొక్కల బొడిపెలలో కనిపించే పురుగులను ఆ మొక్కే పుట్టిస్తుందని రేడీయే నమ్మాడు. ఒక చీకటిని తొలగించినవాడు పక్కనే ఉన్న మరొక చీకటిలో నిలబడడం శాస్త్రచరిత్రలో తరచు కనిపించే దృశ్యం.

ఆ రోజులలోనే హాలండు దేశపు మిడెల్‌బర్గ్ పట్టణంలో యాన్ ఖూదార్ట్ అనే చిత్రకారుడు ఉండేవాడు. సీసాలలో పురుగులను పెంచి, ఏది ఏమవుతుందో బొమ్మ వేసి, తాను చూసింది చూసినట్లు రాసి పెట్టాడు. 1660లలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో ఒక చిక్కు ఉంది. ఒకే రకం పురుగులు రెండింటిని పెంచితే ఒకదానినుండి సీతాకోకచిలుక వచ్చింది, మరొకదానినుండి ఈగలు వచ్చాయి. ఆయన కళ్లు అబద్ధం చెప్పలేదు. మా పెరటిలో నేను చూసినదే ఆయన చూశాడు. ఒకే పురుగు రెండు విధాలుగా మారగలదని ఆయన అర్థం చేసుకున్నాడు. మట్టిగూటిని చూసిన మన పూర్వులు కూడా ఇంతే. చూసింది నిజం, ఊహించింది పొరపాటు. పురుగు లోపలికి పోవడం చూశారు, తుమ్మెద బయటికి రావడం చూశారు. నడుమ ఉన్నది గోడ. గోడకు అవతల జరిగినదానిని తమకు అత్యంత ప్రియమైన తత్త్వంతో పూరించుకున్నారు.

ఆ గోడను పగలగొట్టినవారిలో ముఖ్యుడు ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన యాన్ స్వామర్‌డామ్ (1637–1680). వైద్యం చదివాడు గాని, జీవితమంతా పురుగులను కోసి చూడడంలోనే గడిపాడు. గూటిదశకు రాబోతున్న పురుగు చర్మాన్ని నేర్పుగా ఒలిచి, దాని అడుగున సీతాకోకచిలుక రెక్కలు, కాళ్లు, మీసాలు ముడుచుకొని ఉండడాన్ని చూపించాడు. ఫ్లోరెన్సు రాకుమారుడు కోసిమో డి మెడిచి హాలండు వచ్చినప్పుడు ఆయన ఎదుటనే ఈ ప్రదర్శన చేశాడు. 12,000 గిల్డర్లు ఇస్తాను, నీ సేకరణలతో సహా మా ఆస్థానానికి రమ్మని ఆ రాకుమారుడు పిలిస్తే స్వామర్‌డామ్ పోలేదని, ఆయన జీవితచరిత్ర రాసిన బోయర్‌హావె చెప్పాడు. పోతనగారి దేశంలో పుట్టినవాణ్ణి గనుక ఈ సంగతి నాకు ఎక్కువ నచ్చింది.

1669లో ప్రకటించిన గ్రంథంలో స్వామర్‌డామ్ హార్వేను ఖండించాడు. పురుగు చచ్చి చిలుక పుట్టదు, ఒక ప్రాణి ఇంకొక ప్రాణిగా మారదు, గుడ్డు, పురుగు, గూటిదశ, చిలుక అన్నీ ఒకే జీవి అన్నాడు. ఇది పెద్ద సత్యం. అయితే ఆయన ఇంకొక అడుగు వేసి, అవయవాలన్నీ మొదటినుండీ లోపల సిద్ధంగానే ఉండి, పెరిగి బయటపడతాయని, మారడం అనేదే లేదని వాదించాడు. ఆ అడుగు తప్పటడుగని తరువాతి శతాబ్దాలు తేల్చాయి. చివరి రోజులలో వైరాగ్యం కలిగి, పట్టుపురుగుపై తాను రాసిన గ్రంథాన్ని చింపివేశాడు. 43వ ఏట మరణించాడు. ఆయన బొమ్మలను, రాతలను బోయర్‌హావె సేకరించి 1737–38లో ప్రకృతి బైబిలు అనే పేర ముద్రింపించేవరకు వాటి విలువ లోకానికి పూర్తిగా తెలియలేదు.

కోసి చూసినవాడు స్వామర్‌డామ్ అయితే, కాచుకొని చూసిన మనిషి మరియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టింది. తండ్రి పేరుగన్న ముద్రాపకుడు, ఆమెకు మూడేళ్లప్పుడే పోయాడు. సవతి తండ్రి పూలచిత్రాలు వేసేవాడు, ఆయన దగ్గర కుంచె పట్టడం నేర్చింది. పదమూడవ ఏట పట్టుపురుగులను పెంచడంతో ఆమె పని మొదలైంది. ఆ పైన దొరికిన ప్రతి పురుగునూ ఇంటికి తెచ్చి, అది ఏ ఆకు తింటుందో తెలుసుకొని, ఆ ఆకే పెట్టి, రోజులు లెక్కపెట్టి, బొమ్మలు వేసింది. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, సంసారం చూసుకుంటూనే పురుగులనూ చూసుకుంది. 1679లో 50 చిత్రఫలకాలతో మొదటి పుస్తకం, 1683లో మరొక 50 ఫలకాలతో రెండవది వచ్చాయి.

ఆమె బొమ్మలలో ఉన్న కొత్తదనాన్ని నేను ఆలస్యంగా గుర్తించాను. అంతకుముందు పండితులు చచ్చిన చిలుకలను వరుసగా పేర్చి బొమ్మలు వేసేవారు. ఈమె ఒకే పుటలో మొక్కను, దానిమీద గుడ్డును, పురుగును, గూటిదశను, చిలుకను కలిపి చూపించింది. ఏ పురుగు ఏ ఆకుమీద బతుకుతుందన్నది ఆమె విచారణకు వెన్నెముక. మా ఊరి జిల్లేడును చూస్తే ఆమె మాట అర్థమవుతుంది. జిల్లేడాకు తినే నలుపు, తెలుపు, పసుపు చారల పురుగును తెచ్చి కరివేపమీద వేస్తే ఆకలితో చస్తుంది గాని ముట్టదు. పురుగు కథను దాని ఆకునుండి విడదీసి చెప్పరాదు. పురుగులనుండి, గూళ్లనుండి ఈగలు, కందిరీగలు వచ్చినప్పుడు వాటినీ ఆమె వదలలేదు. అర్థంకాకపోయినా, కనిపించింది గనుక గీసి పెట్టింది. నేను చేయలేకపోయిన పని అదే.

1699లో, 52 ఏళ్ల వయసులో, భర్తతో తెగతెంపులు చేసుకున్న ఆ స్త్రీ తన చిత్రాలు అమ్ముకొని, చిన్న కూతురిని వెంటబెట్టుకొని, ఓడ ఎక్కి దక్షిణ అమెరికాలోని సూరినాంకు పోయింది. అది డచ్చివారి చెరకు తోటల వలసరాజ్యం. చక్కెర తప్ప వేరొకటి వెదుకుతున్నందుకు తోటల యజమానులు తనను పరిహసించారని ఆమె రాసుకుంది. రెండేళ్లు నిండకముందే జబ్బుపడి 1701లో తిరిగివచ్చింది. 1705లో 60 ఫలకాలతో సూరినాం కీటకాల రూపాంతరాల గ్రంథం ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది.

అందులో ఒక ఫలకంలోని మొక్క మనకు తెలిసినదే. మన ఇళ్ల ముందు, గుళ్ల ఆవరణలలో ఎర్రగా, పసుపుగా పూచే రత్నగంధి. దానిమీద పురుగును, గూటిని, చిలుకను చూపుతూ పక్కన ఆమె ఒక విషయం నమోదు చేసింది. తోటలలో బానిసలుగా ఉన్న స్త్రీలు, తమకు పుట్టే బిడ్డలు కూడా బానిసలు కాకూడదని, ఈ మొక్క గింజలు తిని గర్భం పోగొట్టుకునేవారట. ఆ స్త్రీలే తనకు స్వయంగా చెప్పారని రాసింది. సీతాకోకచిలుక పుస్తకంలో ఈ మాట ఎందుకని అడిగేవారు ఉండవచ్చు. కళ్లు మూసుకోవడం తెలియని మనిషికి పురుగు ఒకటి, మనిషి ఒకటి కాదు. ఉదయం రత్నగంధి పూలు కోసేటప్పుడు ఆ ఫలకం నాకు తరచు జ్ఞాపకం వస్తుంది.

ఆమె 1717 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించింది. తరువాత లిన్నేయస్ జీవులకు పేర్లు పెట్టినప్పుడు అనేక జాతులకు ఆమె బొమ్మలనే ఆధారం చేసుకున్నాడు.

ఇక సీతాకోకచిలుక గూటిలోనుండి వచ్చే కందిరీగల చిక్కు. 17వ శతాబ్దం చివరినుండి 18వ శతాబ్దం మొదటివరకు హాలండులో లీవెన్‌హుక్, ఇటలీలో వల్లిస్నేరి మొదలైనవారు దీనిని విప్పారు. పురుగు ఈగగా మారలేదు. ఈగ తల్లి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టింది. పిల్లలు లోపలినుండి దానిని తిని పెరిగాయి. పురుగు తన దారిన తాను చిలుక కావలసినదే, కానివ్వలేదు.

మట్టిగూటి కథ పూర్తి కావడానికి ఇంకొక ఉపాధ్యాయుడు కావలసివచ్చింది. ఫ్రాన్సుకు చెందిన జాన్ హెన్రీ ఫాబర్ (1823–1915) బతుకుతెరువుకు బడిపంతులు. అంతకుముందు లియోన్ ద్యూఫూర్ అనే పండితుడు కందిరీగ గూటిలోని ఎరలు కుళ్లకపోవడం గమనించి, కందిరీగ వాటిని చంపి, కుళ్లకుండా ఏదో మందు ఎక్కిస్తుందనుకున్నాడు. అవి చావలేదని ఫాబర్ 1855లో చూపించాడు. విద్యుత్తు తగిలిస్తే కాళ్లు కదిలాయి. కందిరీగ కొండితో పొడిచి వాటి నాడీమండలాన్ని స్తంభింపజేస్తుంది. ప్రాణం ఉంటుంది, కదలిక ఉండదు. తన పిల్లకు చెడిపోని ఆహారం. కుండవంటి మట్టిగూడు కట్టే కందిరీగ తన గుడ్డును గూటి కప్పునుండి సన్నని దారంతో వేలాడదీస్తుందని కూడా ఆయన చూశాడు. కింద గొంగళిపురుగులు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి గనుక వాటి మధ్య గుడ్డు నలిగిపోకుండా ఈ ఏర్పాటు. గుడ్డు చిట్లి వచ్చిన తెల్లని పిల్ల కింది పురుగులను ఒక్కొక్కటిగా తిని, గూటిదశకు పోయి, రెక్కలతో గోడ తొలుచుకొని వస్తుంది. మన దూలాలమీది గూళ్లలోనూ జరిగేది ఇదే. కొన్ని జాతులు గొంగళిపురుగులను తెస్తాయి, కొన్ని సాలెపురుగులను తెస్తాయి. అవధూత చూసిన పురుగు నిశ్చలంగా ఉన్నది నిజమే. అది ధ్యానం కాదు, పక్షవాతం.

ఈ ఫాబరే 1870 ప్రాంతంలో పువ్వులు ఫలదీకరణం చెందే విధానాన్ని ఆడపిల్లలు కూర్చున్న సభలో బోధించినందుకు పెద్దల ఆగ్రహానికి గురై, ఉద్యోగం వదిలి అవిన్యోన్ పట్టణం విడిచిపోవలసివచ్చింది. ఆడపిల్లలకు సంగతి చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న పంతులు ఆయన. ఆడపిల్ల చెప్పిన సంగతిని తోసిపుచ్చి ఉద్యోగం నిలుపుకొని, పదవీ విరమణ సన్మానం కూడా పొందిన పంతులిని నేను.

ఇంతకూ గూటిలో ఏమి జరుగుతుంది? హార్వే చెప్పినట్లు అంతా కరిగి కొత్తగా పోతపోయబడుతుందా? స్వామర్‌డామ్ చెప్పినట్లు అంతా ముందే ఉండి విప్పుకుంటుందా? రెండూ సగం నిజాలేనని తరువాతి పరిశోధన తేల్చింది. 1864లో వైస్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈగ పురుగులలో చిన్న చిన్న కణాల బిళ్లలను గుర్తించాడు. పురుగు తిరిగినంత కాలమూ అవి లోపల అణగి ఉంటాయి. కాలం వచ్చినప్పుడు అవే రెక్కలు, కాళ్లు, కళ్లుగా పెరుగుతాయి. సీతాకోకచిలుక పురుగులోనూ రెక్కలకు ఇటువంటి మూలాలున్నాయి. గూటిదశలో పురుగు కండరాలలో, జీర్ణాంగాలలో చాలా భాగం విచ్ఛిన్నమై, ఆ పదార్థం కొత్త శరీర నిర్మాణానికి వినియోగపడుతుంది. గూటిలోనిదంతా నీరైపోతుందని తరచు చెప్పేమాట మాత్రం అతిశయోక్తి. 2013లో శాస్త్రజ్ఞులు బతికి ఉన్న గూటిదశను కోయకుండానే ఎక్స్‌రేలతో రోజురోజూ చూసినప్పుడు, మొదటి రోజులలోనే శ్వాసనాళాలు స్పష్టంగా అమరి ఉండడం కనిపించింది.

ఎప్పుడు మారవలెనో పురుగుకు చెప్పేది ఏమిటన్న ప్రశ్నకు 20వ శతాబ్దంలో సమాధానం దొరికింది. పోలెండుకు చెందిన కోపెచ్ గూటిదశకు పోవడానికి మెదడునుండి ఒక ప్రేరణ అవసరమని చూపాడు. ఇంగ్లండులో విగిల్స్‌వర్త్ నల్లిజాతి కీటకాలమీద పనిచేసి, పురుగును పసితనంలోనే నిలిపి ఉంచే హార్మోను ఒకటి ఉన్నదని 1930లలో నిరూపించాడు. అది ఉన్నంతకాలం పురుగు కుబుసం విడిచి పెద్ద పురుగే అవుతుంది. అది తగ్గినప్పుడే గూటిదశ. కుబుసం విడిపించే మరొక హార్మోనును 1954లో బూటెనాంట్, కార్ల్‌సన్‌లు జర్మనీలో వేరుచేశారు. అందుకు 500 కిలోల పట్టుపురుగు గూటిదశలు వాడితే దొరికినది 25 మిల్లీగ్రాములు. మేరియన్ పదమూడవ ఏట చేతబట్టిన ఆ పట్టుపురుగే ఈ రహస్యాన్ని కూడా చెప్పింది.

మరొక చిన్న పరిశోధన నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 2008లో అమెరికాలో పొగాకు జాతి మొక్కలు తినే ఒక రాత్రిచిలుక పురుగులకు ఒక వాసన చూపి, దానితోపాటు స్వల్పంగా విద్యుత్తు తగిలించారు. పురుగులు ఆ వాసనను తప్పించుకోవడం నేర్చాయి. చివరి దశలో నేర్చిన పురుగులు గూటిదశ దాటి, రెక్కలు వచ్చిన తరువాత కూడా ఆ వాసననుండి తప్పుకున్నాయి. అంతకుముందటి చిన్న దశలో నేర్చినవి మాత్రం మరిచిపోయాయి. శరీరమంతా మారినా, మెదడు తిరిగి అల్లుకున్నా, తగిలిన దెబ్బ ఒకటి జ్ఞాపకం ఉండిపోయింది. అప్పటికి ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఏ వయసులో తగిలిన మాట ఎంతకాలం ఉంటుందో పంతుళ్లకు ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు.

భ్రమరకీటన్యాయాన్ని ఇక వదిలివేయవలెనా అని ఒక పండిత మిత్రుడు అడిగాడు. అక్కరలేదన్నాను. న్యాయం అనేది దృష్టాంతం. ఏకాగ్రతను బోధించడానికి పెద్దలు దానిని వాడుకున్నారు. ఆ బోధ పురుగుమీద ఆధారపడి లేదు. కాని దానిని ప్రకృతి సత్యంగా పిల్లలకు చెప్పరాదు. గురుశిష్య సంబంధానికి వాడేముందు మరీ ఆలోచించవలె. తుమ్మెద గూటిలో పురుగు తుమ్మెద కాదు. తుమ్మెదకు ఆహారమవుతుంది. శిష్యుణ్ణి తనవంటివాణ్ణి చేయాలని మూసిన గూటిలో పెట్టే గురువుకు ఈ ఉపమానం నిజంగానే సరిపోతుంది, మనం అనుకున్న అర్థంలో కాదు. నాకు ఇప్పుడు ఉపమానం కావలసివస్తే కరివేపాకును తీసుకుంటాను. అది పురుగుకు తనను తాను పెడుతుంది. పురుగును కరివేపగా మార్చాలని చూడదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడున్నదో తెలియదు. పదవతరగతి తరువాత చదువు ఆపించారని ఎవరో చెప్పగా విన్నాను. అందులో నా పాలు ఎంతో తెలియదు, ఏమీ లేదని అనుకోవడానికి మనసు ఒప్పుకోదు. ఇప్పటికి యాభై దాటి ఉంటుంది. అమ్మా, నీవు చూసినదే నిజం. నేను చూడలేదు.

ఈ నెలలో మా వంటింటి కిటికీ మూలన ఒక కందిరీగ మట్టిగూడు కట్టడం మొదలుపెట్టింది. చీపురు తెచ్చిన మా ఆవిడను వద్దన్నాను. రెండవ తరగతి చదివే మనవరాలు సెలవులకు వస్తున్నది. లోపల ఏముంటుందని అడిగితే, నాకు తెలిసినా చెప్పను. ఇద్దరం కలిసి విప్పి చూస్తాము.